ఇంజిన్ లేని నేరం

కొబ్బరి తోటల సంరక్షణ విభాగం జిల్లా కార్యాలయానికి కరెంటు కారు వచ్చిన రోజున అందరూ దాని చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటుంటే, డ్రైవర్ నూకరాజు మాత్రం షెడ్డు వెనక్కి వెళ్ళి పాత జీపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళు నడిపిన బండి అది. దాని దగ్గు వింటే చాలు, ఫ్యాన్ బెల్టు వదులైందో, డీజిల్‌లో నీళ్ళు చేరాయో చెప్పేసేవాడు. గోదావరి పాయల మధ్య లంక గ్రామాల్లో ఎక్కడ ఆగిపోయినా, ఒక స్పానరూ ఓ గుడ్డపీలికతో దాన్ని బతికించి ఇంటికి తెచ్చేవాడు. ఇప్పుడు దాన్ని వేలంపాట కోసం షెడ్డు వెనక నిలబెట్టారు. వేలంపాట ఎప్పుడో ఎవరికీ తెలీదు.

కారుతో పాటు వచ్చిన కంపెనీ మనిషి నూకరాజుకి అరగంటలో పాఠం చెప్పేశాడు. ఆయిల్ ఎప్పుడు మార్చాలని నూకరాజు అడిగితే, దీనికి ఇంజిన్ ఆయిల్ ఉండదన్నాడు. క్లచ్ ప్లేటు ఎన్నాళ్ళు వస్తుందంటే, క్లచ్చే లేదన్నాడు. రేడియేటర్లో నీళ్ళు, డీజిల్ ఫిల్టరు, సైలెన్సర్ అంటూ తనకు తెలిసిన జబ్బులన్నీ వరసగా అడిగాడు నూకరాజు. ఒక్కటీ లేదు. టైర్లలో గాలి చూసుకోవాలి, బండి బరువెక్కువ కాబట్టి టైర్లు కాస్త తొందరగా అరుగుతాయి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మారుస్తూ ఉండాలి. బ్రేక్ ఆయిల్ చూసుకోవాలి, ఏసీ ఫిల్టరు దులుపుకోవాలి, అద్దం తుడిచే నీళ్ళు పోసుకోవాలి. పెద్ద బ్యాటరీని చల్లబరిచే ద్రవాన్ని ఎన్నేళ్ళకో ఒకసారి మార్చాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది కాబట్టి బ్రేకులు కూడా చాలాకాలం వస్తాయి. సాయంత్రం ప్లగ్గు పెట్టి ఇంటికెళ్ళడమే.

ముప్పై ఏళ్ళు వంట చేసిన మనిషిని పిలిచి, రేపట్నుంచి అన్నం దానంతటదే ఉడుకుతుంది, నువ్వు వడ్డించు చాలు అన్నట్టనిపించింది నూకరాజుకి. మొదటి ఆదివారం అలవాటు కొద్దీ పాత బట్టలు వేసుకుని ఆఫీసుకి వచ్చి, కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, అద్దాలు తుడిచి వెళ్ళిపోయాడు.

కానీ నెల తిరిగేసరికి ఆ కారు మీద మనసు పడింది. అప్పట్లో ఆ జిల్లా కొబ్బరి తోటలన్నిటికీ తెల్లదోమ పట్టింది. ఆకుల అడుగున తెల్లగా పేరుకుని రసం పీల్చేస్తుంది, పైన ఆకులన్నీ మసిగొట్టినట్టు నల్లబడతాయి. మందు కొడితే ఇంకా పెరుగుతుంది. దానికి విరుగుడు ఆ దోమని తినే మిత్ర పురుగులు. ప్రయోగశాలలో పెంచి అట్టడబ్బాల్లో పంపుతారు. మూడు రోజుల్లోగా చెట్టు మీద వదలకపోతే చచ్చిపోతాయి. వేడికి ఆగవు, పొగకి అసలే ఆగవు. కుదుపు లేకుండా, కంపు లేకుండా వాటిని మోసుకెళ్ళడానికి ఈ కారుని మించింది లేదని జిల్లా అధికారిణి హైమావతి అనేవారు. ఆవిడ తోటలో దిగితే సాయంత్రం దాకా చెట్టు చెట్టుకీ తిరిగే మనిషి. సంతకం పెట్టాలంటే మాత్రం చెయ్యి వణికే మనిషి. ఇద్దరూ కలిసి మూడు నెలల్లో నలభై ఆరు తోటలు పూర్తి చేశారు. నలభై ఏడోది గోగుల్లంకలో సత్యవేణిది. రెండొందల చెట్లున్న తోటని కౌలుకి తీసుకుని ఒంటిచేత్తో చూసుకుంటున్న మనిషి ఆవిడ. వారానికి రెండుసార్లు పంటు మీద గోదావరి పాయ దాటి వచ్చి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని, తన వంతు ఎప్పుడని అడిగేది.

ఆ వంతు వచ్చే వారంలోనే కారు ఐదువేల కిలోమీటర్లు తిరిగింది.

విభాగం వారి వాహన నిర్వహణ నియమావళి పదిహేడో నిబంధన ప్రకారం, ఐదువేల కిలోమీటర్లు తిరిగిన ప్రతి వాహనానికీ ఇంజిన్ ఆయిల్ మార్చి, తీసిన పాత ఆయిల్‌ను ప్రాంతీయ వాహన నిర్వహణాధికారికి సీసాలో సమర్పించాలి. ఆ అధికారి పేరు దక్షిణామూర్తి. ఆయన గదిలో గోడ పొడుగునా అరల్లో ఆ సీసాలు వరసగా ఉంటాయి, ఒక్కోదానికీ బండి నంబరు చీటీతో. పదవిలోకి వచ్చాక ఒక్క సీసా కూడా తప్పిపోలేదని ఆయనకి పేరు. ఈ కారు సీసా రాలేదు. ఎందుకు రాలేదని తాఖీదు వచ్చింది. ఈ కారులో ఇంజిన్ ఆయిల్ లేదని హైమావతి జవాబు రాశారు. నాలుగో రోజున రెండో తాఖీదు వచ్చింది. "ఐదువేల కిలోమీటర్ల పర్యంతము ఆయిల్ లేకుండగనే వాహనమును నడిపినట్లు తాము స్వయముగా అంగీకరించి యున్నారు. ఇట్టి ఘోర నిర్లక్ష్యమునకు బాధ్యులెవరో తెలియజేయవలెను."

బాధ్యులంటే డ్రైవరే. ఆ మాట ఎవరూ అనలేదు, కానీ ఆ సాయంత్రం నుంచి గుమాస్తాలు నూకరాజుని పలకరించేటప్పుడు గొంతు తగ్గించారు.

తరువాతి మంగళవారం దక్షిణామూర్తి స్వయంగా తనిఖీకి వచ్చారు. నియమావళిని చంకలో పెట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, బానెట్ తెరవమన్నారు. నూకరాజు తెరిచాడు. లోపల ఓ ప్లాస్టిక్ మూత, దాని కింద నారింజ రంగు తీగలు, ఓ లోహపు పెట్టె ఉన్నాయి. దక్షిణామూర్తి చాలాసేపు వంగి చూశారు. తరువాత సీట్ల కింద చూశారు. డిక్కీ చూశారు. చేతి రుమాలు పరిచి నేల మీద మోకాలేసి బండి కింద కూడా చూశారు.

"ఇంజిన్ ఎక్కడ?" అన్నారు లేచి.

"దీనికి ఇంజిన్ ఉండదండి. మోటారండి ఇది," అన్నాడు నూకరాజు, ఆ లోహపు పెట్టె చూపించి.

"నియమావళిలో మోటారు అను పదము వాహనము అను పదమునకు ముందు మాత్రమే వచ్చును. విడిగా రాదు. నేనడుగుతున్నది ఇంజిన్."

"ఇంజిన్ లేకండానే నడుస్తదండి ఇది. కావాలంటే ఎక్కండి, ఓ రౌండేసి చూపిస్తాను."

"నడవడం వేరు, నడుచుటకు అర్హత కలిగియుండుట వేరు," అని దక్షిణామూర్తి రాసుకోవడం మొదలుపెట్టారు.

ఆయన నివేదిక రెండు పేజీలు. తనిఖీ సమయమున ఇంజిన్, రేడియేటర్, డీజిల్ ట్యాంకు, సైలెన్సర్, క్లచ్, గేర్ల పెట్టె గల్లంతై యున్నవి. వాహనము డ్రైవర్ ఆధీనమున ఉండగా ఈ నష్టము సంభవించినది. ఇన్ని భాగములు లేకున్నను వాహనము నడుచుచున్నదనగా, లోపమును కప్పిపుచ్చుటలో సదరు డ్రైవర్ యొక్క నేర్పరితనము స్పష్టమగుచున్నది. ఆఖరి వాక్యం చదివినప్పుడు నూకరాజుకి తన జీవితంలో మొదటిసారి ఆఫీసు కాగితం మీద మెచ్చుకోలు దొరికిందని నవ్వు కూడా వచ్చింది. కాగితం తిప్పితే వెనక అభియోగ పత్రం ఉంది. అది చూశాక నవ్వు ఆగిపోయింది.

పదవీ విరమణకి ఎనిమిది నెలలుంది. విచారణ తేలకపోతే పింఛను ఆగిపోతుంది. అంతకన్నా వీధిలో మాటే ఎక్కువ కుంగదీసింది. నూకరాజు ఆఫీసు కారు ఇంజిన్ అమ్ముకున్నాడన్న మాట ఊరంతా పాకింది. ఎదురింటి ఆయన ఓ పొద్దున్న అరుగు దిగి వచ్చి, గుట్టుగా దగ్గరికి జరిగి, రేడియేటర్ ఏమైనా మిగిలిందా, తన వ్యానుకి కావాలని అడిగాడు. భార్య పైడితల్లి మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు భోజనం దగ్గర అడిగేసింది. "నిజం చెప్పు. తీసేవా?" నూకరాజు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆవిడ వెనకే వెళ్ళి తప్పయిందని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడతను.

హైమావతి కారు కంపెనీకి రాసి, ఈ కారుని ఇంజిన్ లేకుండానే తయారుచేశామని ఉత్తరం తెప్పించారు. దక్షిణామూర్తి దాన్ని రెండుసార్లు చదివి, ఇంజిన్ మొదటి నుంచీ లేదనడానికి ఇది రుజువే గాని, ఇంజిన్ అక్కర్లేదనడానికి రుజువు కాదని తేల్చారు. పొగ పరీక్ష పత్రమైనా ఉంటే కేసు తేలిక పడుతుందన్నారు. నూకరాజు కారుని పొగ పరీక్ష కేంద్రానికి తీసుకెళ్ళాడు. వాళ్ళు గొట్టం పెట్టడానికి చోటు వెతికి వెతికి, చివరికి ఓ కాగితం ఇచ్చారు. "పొగ కనుగొనబడలేదు. నమూనా ఇచ్చుటకు వాహనము సహకరించలేదు."

సహకరించని వాహనాన్ని రోడ్డెక్కించకూడదని షెడ్డుకి తాళం పడింది. సత్యవేణి మెట్ల మీద కూర్చునే రోజులు వారానికి నాలుగయ్యాయి.

అప్పుడు దక్షిణామూర్తికే జాలి కలిగింది. ఆయన చెడ్డవాడు కాదు. తోటలు పాడవుతున్నాయని ఆయనకీ తెలుసు, ఆయన అత్తవారి తోట కూడా అక్కడే ఉంది. రాత్రింబగళ్ళు నియమావళి తిరగేసి దారి కనుక్కున్నారు. వాహనమునకు ఇంజిన్ ఉండవలెనని ఉంది గాని, ఎక్కడ ఉండవలెనో ఎక్కడా లేదు. షెడ్డు వెనక వేలం కోసం ఎదురుచూస్తున్న జీపు ఇంజిన్‌ను తీసి కారు డిక్కీలో అమరిస్తే అన్ని నిబంధనలూ ఒక్క దెబ్బతో నెరవేరతాయి. ఇంజిన్ సమకూరును, ఆయిల్ సమకూరును, పొగ సమకూరును, నేరము ఉపశమించును.

హైమావతి ఆ ఫైలుని రెండు రోజులు బల్ల మీద ఉంచుకుని, మూడో రోజు కిటికీలోంచి మెట్ల వైపు చూసి సంతకం పెట్టేశారు.

గొలుసు కప్పీ తెప్పించి, ఇద్దరు మెకానిక్‌లు సాయం పట్టగా నూకరాజు జీపు ఇంజిన్‌ను పైకెత్తి కారు వెనక దింపించాడు. బోల్టులు బిగించి, చిన్న డీజిల్ డబ్బా తగిలించి, సైలెన్సర్ గొట్టాన్ని వెనక అద్దంలోంచి బయటికి పెట్టాడు. ఆ పని చేస్తున్న రెండు రోజులూ అతని మొహంలో వెలుగు చూసి పైడితల్లి ఆశ్చర్యపోయింది. అతనికీ సిగ్గుగానే ఉంది. ఇది పిచ్చిపనని తెలుసు. అయినా ఆయిల్ పోసి, పట్టి పట్టి స్టార్ట్ చేసి, ఆ పాత దగ్గు మళ్ళీ విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి.

పొగ పరీక్షలో కారు మొదటిసారికే నెగ్గింది. పొగ పరిమితికి లోబడి యున్నదని పత్రం వచ్చింది. సీసాలో పాత ఆయిల్ దక్షిణామూర్తి అరలోకి చేరింది. ఆయన కారుకి కొబ్బరికాయ కొట్టి, మన విభాగంలో ఇంజిన్ కలిగిన తొలి కరెంటు కారు ఇదేనని, ఆధునికతను సంప్రదాయముతో మేళవించితిమని చెబుతూ ఇరవై నిమిషాలు మాట్లాడారు. వెళ్ళేముందు ఒక్క చిన్న నిబంధన గుర్తుచేశారు. ఇంజిన్ పనిచేయు స్థితిలో ఉండవలెను గావున ప్రయాణమునకు ముందు, తరువాత పావుగంట చొప్పున నడపవలెను.

ఇంజిన్ బరువుకి కారు నడుము వంగింది. ఒక చార్జింగుతో రెండొందల చిల్లర కిలోమీటర్లు వెళ్ళేది నూట నలభై దాటడం మానేసింది. వెనక టైర్లు కళ్ళెదుటే అరిగిపోసాగాయి. డిక్కీలో చోటు లేక పురుగుల డబ్బాలు వెనక సీటు మీదికి చేరాయి, ఇంజిన్‌కి జానెడు దూరంలో.

సత్యవేణి వంతు వచ్చిన రోజున ఆవిడ పొద్దున్నే రేవుకి వచ్చి నిలబడింది. నూకరాజు, హైమావతి పంటు దిగి తోటకి వెళ్ళారు. మొదటి డబ్బా విప్పితే అడుగున నల్లటి పొడి ఉంది. రెండోదీ అంతే. పన్నెండు డబ్బాలూ విప్పారు. హైమావతి భూతద్దం తీసి చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నారు.

"మా చెట్లకి చుట్టాలొస్తున్నారన్నారు కదండీ మేడంగారూ," అంది సత్యవేణి. "పాపం, దార్లోనే పోయేరేంటండి?"

ఆవిడ తిట్టలేదు. వచ్చారు కదా అని ఇద్దరికీ చెరో బొండం కొట్టించి ఇచ్చింది. నూకరాజు బొండం ఎత్తి తాగబోయాడు. తలెత్తితే చెట్ల ఆకులన్నీ నల్లగా వేలాడుతున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు, ఇంజిన్ పక్కన కూర్చోబెట్టి వాటిని తనే చంపాడని రేవు దాకా అనుకుంటూనే ఉన్నాడు. ఆఫీసుకి చేరాక నిబంధన ప్రకారం పావుగంట ఇంజిన్ నడపాలి. ఆ రోజు నడపలేదు.

ప్రయోగశాల నుంచి ఆ కాలానికి ఆఖరి విడత డబ్బాలు పదిరోజుల తరువాత వచ్చాయి. నూకరాజు ఒకరోజు సెలవు చీటీ రాసి హైమావతి బల్ల మీద పెట్టాడు. ఏం పనని ఆవిడ అడిగారు. సొంత పనన్నాడు. ఆవిడ చీటీ వైపూ అతని వైపూ చూశారు. మొదటిసారి చెయ్యి వణక్కుండా సంతకం పెట్టి, డబ్బాల గది తాళంచెవి బల్ల మీద వదిలేసి, తనకి తలనొప్పిగా ఉందని ఇంటికి వెళ్ళిపోయారు.

వీధి చివర షేర్ ఆటో నడిపే ఏసుపాదాన్ని మాట్లాడుకుని, డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడు నూకరాజు. సగం దూరం వెళ్ళాక గాని అతనికి తెలియలేదు, ఆటో ఏమాత్రం చప్పుడు చెయ్యడం లేదని. అడిగితే, ఇది కరెంటుదేనన్నాడు ఏసుపాదం. రెండేళ్ళయింది కొని. టైర్లు ఒకసారి మార్చాడు, అంతే.

"ఎవరైనా ఇంజిన్ చూపించమన్నారా?" అని అడిగాడు నూకరాజు.

"ఎందుకడుగుతారు బాబాయ్? ఎక్కినోళ్ళు దిగాల్సిన చోట దిగి వెళ్ళిపోతారు," అన్నాడు ఏసుపాదం.

పంటు మీద రేవు దాటి, మధ్యాహ్నానికల్లా సత్యవేణి తోటలో పురుగుల్ని వదిలారు. ఆవిడ ప్రతి డబ్బా తనే విప్పింది, పసిపిల్లల మొహం మీద గుడ్డ తీసినట్టు. రెండు నెలలకి మొవ్వుల్లోంచి కొత్త ఆకులు పచ్చగా, మసి లేకుండా వచ్చాయి. ఆ సంతోషం ఆపుకోలేక సత్యవేణి, రైతుల సభలో మైకు దొరకగానే, కారులో వచ్చినవన్నీ చచ్చిపోతే నూకరాజన్నయ్య తెచ్చినవి బతికాయని చెప్పేసింది. వేదిక మీద దక్షిణామూర్తి ఉన్నారు.

ఈసారి విచారణ హైమావతి గదిలోనే జరిగింది. విభాగం వారి పురుగులను అనుమతి లేని వాహనములో తరలించితివా అని దక్షిణామూర్తి అడిగారు. ఆ వాహనము నంబరు, దాని ఇంజిన్ నంబరు, ఆఖరున ఆయిల్ మార్చిన తేదీ చెప్పమని కలం తెరిచారు.

నూకరాజు కళ్ళ ముందు ఏసుపాదం ఆటో మెదిలింది. దాని వెనక సీటు తీసి, లారీ ఇంజిన్ ఒకటి దింపుతున్నట్టు కనబడింది.

"ఏ వాహనమూ లేదండి," అన్నాడు. "నడిచెళ్ళేను."

"ఇరువది రెండు కిలోమీటర్లు?"

"అవునండి."

"డబ్బాలతో సహా?"

"నెత్తిన పెట్టుకునండి."

హైమావతి కిటికీ వైపు తిరిగిపోయారు. దక్షిణామూర్తి చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించారు. ఆయన మొహంలో కోపం రాలేదు. మెల్లగా, ఓ గొప్ప సత్యం బోధపడుతున్నట్టు కాంతి వచ్చింది. వాహనంలో వెళ్ళిన పురుగులు చచ్చాయి, నడిచి వెళ్ళిన పురుగులు బతికాయి. అలాంటప్పుడు అసలు వాహనమెందుకు?

ఆయన సిఫార్సు పై ఆఫీసులో పదిరోజుల్లో ఆమోదం పొందింది. క్షేత్ర పర్యటనలన్నియు ఇకమీదట పాదచారముననే జరుగవలెను. కారును వెనక్కి తీసుకోవడమైనది. వాహనమే లేనందున వాహన లోపమునకు సంబంధించిన అభియోగములు నిలువవు గావున, డ్రైవర్ శ్రీ నూకరాజుపై చర్యలు విరమించడమైనది. ఆ కాగితం పైడితల్లి చేత రెండుసార్లు చదివించుకున్నాడు నూకరాజు. ఎదురింటి ఆయనకి కూడా చదివి వినిపించింది ఆవిడ, ఆయన అడక్కుండానే. కారు ప్రాంతీయ కార్యాలయానికి చేరింది. కొత్తగా చేరే అధికారులకి, అన్ని భాగాలూ ఉన్న కరెంటు కారు ఎలా ఉండాలో దాని మీదే చూపిస్తున్నారట.

పాదచార పర్యటనల ప్రారంభోత్సవం నూకరాజు ఉద్యోగంలో ఆఖరి నెలలో పడింది. అనుభవజ్ఞుడు కాబట్టి దారి చూపించే బాధ్యత అతనికే అప్పజెప్పారు. ఆఫీసు ముందు రంగు కాగితాల తోరణం కట్టారు. హైమావతి గొడుగు, టోపీ, డబ్బాల సంచితో సిద్ధంగా నిలబడ్డారు. శరీరమే మొదటి వాహనమని, దానికి ఏ కొరతా లేదని దక్షిణామూర్తి మాట్లాడి, పచ్చజెండా ఊపారు. ఇద్దరూ చప్పట్ల మధ్య నడక మొదలుపెట్టారు. పోస్టాఫీసు దాకా జనం చూస్తూనే ఉన్నారు. ఐస్ ఫ్యాక్టరీ మలుపు తిరిగాక ఎవరూ కనబడలేదు.

మలుపు అవతల నీడన ఏసుపాదం ఆటో ఆగి ఉంది. హైమావతి అటూ ఇటూ చూసి ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ రోజు ఎన్ని తోటలు చూడొచ్చని నూకరాజుని అడిగారు. జాగ్రత్తగా వెళితే అయిదు అన్నాడతను. ఆటో చడీచప్పుడు లేకుండా కాలవ గట్టెక్కింది. ఆవిడ పర్యటన పుస్తకం తీసి, బయలుదేరిన సమయం వేసి, ప్రయాణ సాధనం అన్న గడిలో 'కాళ్ళు' అని రాశారు.

ఆ రోజు మొదలు నూకరాజు పదవీ విరమణ చేసేదాకా వాళ్ళు తొంభై మూడు తోటలు నడిచి చూశారని రికార్డులో ఉంది.